యూఎస్‌బీ డ్రైవర్ మెమరీ లోపం: సవరణపై గమనిక

సభ్యులకు నమస్కారం. పరికరాన్ని ఊడదీయగానే లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) కుప్పకూలడానికి కారణం, డిస్‌కనెక్ట్ ఫంక్షన్ మెమరీని కేఫ్రీ (kfree) అనే ఫంక్షన్‌తో విడుదల చేసిన తర్వాత, అంతకుముందే వర్క్‌క్యూలో (తర్వాత చేయాల్సిన పనుల వరుసలో) వేసి ఉంచిన పని మొదలై అదే చిరునామాను చదవడమేనని మెమరీ తప్పులను పట్టే సాధనమైన కసాన్ (KASAN) ఇచ్చిన నివేదిక చూపింది. 2015 నుంచి కెర్నెల్‌లో ఉన్న ఈ సాధనం, ఆ మెమరీని ఎవరు కేటాయించారో, ఎవరు విడుదల చేశారో, తర్వాత ఎవరు ముట్టుకున్నారో కాల్ ట్రేస్‌లతో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలతో) సహా చెబుతుంది కాబట్టి ముందు ఆ నివేదికనే చదవగలరు.

విడుదల చేశాక పాయింటర్‌లో (ఆ మెమరీ చిరునామాను ఉంచే చోట) నల్ (ఖాళీ విలువ) పెట్టి ఊరుకోవడం నా దృష్టిలో పైపూత మాత్రమే, ఎందుకంటే ఆ పని అప్పటికే మరో సీపీయూ మీద నడుస్తూ ఉండవచ్చు. కేఫ్రీకి ముందు క్యాన్సెల్_డిలేడ్_వర్క్_సింక్‌ను (వరుసలో వేసిన పనిని రద్దు చేసే ఫంక్షన్‌ను) పిలిస్తే, నడుస్తున్న పని ముగిసేదాకా అది వేచి ఉంటుంది; పేరు చివర సింక్ లేని ఫంక్షన్ (క్యాన్సెల్_డిలేడ్_వర్క్) వేచి ఉండదు. అయితే ఆ పనికి అవసరమైన మ్యూటెక్స్‌ను (ఒకసారి ఒక్కరే పట్టుకోగల తాళాన్ని) పట్టుకుని మాత్రం దీన్ని పిలవవద్దు, డెడ్‌లాక్ అవుతుంది, అంటే ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ ఆగిపోతాయి.