కీమో రోగి తికమకపడితే నీరసమని వదిలేయవద్దు

సంపాదకులు గారికి,

అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి వచ్చాక మన ప్రాంతపు రోగులకు చికిత్స దగ్గరైంది. అయితే కీమో ఎక్కించుకుని బస్సెక్కి పలమనేరుకో, పుంగనూరుకో, కుప్పానికో చేరిన రోగికి రాత్రిపూట ఏదైనా తేడా చేస్తే, దాన్ని గుర్తుపట్టే భారమంతా ఇంటివాళ్లదే. వైరస్ మెదడుకు పాకినప్పుడు కనిపించే లక్షణాల గురించి మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

లింఫోమా అనే రక్తసంబంధ క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్న మా వదినగారికి ఒక సాయంత్రం ఒళ్లు కాస్త వెచ్చబడి, మాట తడబడింది. కాఫీ గ్లాసు చేతికిస్తే అదేమిటో తెలియనట్టు చూశారు. కొడుకును ఎప్పుడో పోయిన తమ్ముడి పేరు పెట్టి పిలిచారు. కీమో వేడి అని మజ్జిగ తాగించినవారున్నారు, గాలి సోకిందని తాయెత్తు తెచ్చినవారూ ఉన్నారు. దగ్గరలోని ఆసుపత్రిలో నీరసమని సెలైన్ పెట్టి పంపేశారు. మర్నాడు ఫిట్స్ వచ్చాక పెద్దాసుపత్రికి తీసుకెళితే, వెన్నునీరు తీసి, అందులో వైరస్ జాడ పట్టే పీసీఆర్ పరీక్ష చేస్తే హెర్పిస్ వైరస్ బయటపడింది. ప్రాణం దక్కింది కానీ, పొద్దున చెప్పిన సంగతి ఆమెకు సాయంత్రానికి గుర్తుండదు.

మెదడువాపు అనగానే మనకు దోమలు, పందులే గుర్తొస్తాయి. క్యాన్సర్ రోగుల్లో మాత్రం, పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్, ఆటలమ్మ తగ్గాక నరాల్లో దాగి సర్పిగా బయటపడే వైరస్ వంటివి రోగనిరోధక శక్తి పడిపోయిన అదను చూసి మెదడును పట్టవచ్చు. లింఫోమాకు ఇచ్చే రిటుక్సిమాబ్ అనే మందు వాడినవారిలో అరుదుగా జేసీ అనే మరో వైరస్ మెదడును వారాల తరబడి మెల్లగా దెబ్బతీస్తుంది. దానికి నేరుగా పనిచేసే మందు నేటికీ లేదు. హెర్పిస్‌కు ఉంది. చికిత్స అందకపోతే 100 మందిలో 70 మంది దాకా ప్రాణాలు తీసే ఈ హెర్పిస్ మెదడువాపుకు ఎసైక్లోవిర్ అనే వైరస్ మందును 14 నుంచి 21 రోజులు నరం ద్వారా ఎక్కించాలి, మాత్రలు సరిపోవు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా, అనుమానం కలిగినప్పుడే మొదలుపెట్టాలి. మొదటి రోజుల్లో పీసీఆర్ నెగెటివ్‌గా రావచ్చు, నిరోధక శక్తి తగ్గినవారి వెన్నునీటిలో తెల్లకణాలు పెరగకపోనూవచ్చు కనుక, ఒక్క రిపోర్టు చూసి ధైర్యపడటానికి వీల్లేదు.

సోడియం తగ్గినా, క్యాన్సర్ మెదడుకు పాకినా, కొన్ని కీమో మందుల వల్లా మనిషి తికమకపడవచ్చునన్నది నిజమే. అదేమిటో తేల్చవలసింది ఆసుపత్రి. ఇంట్లో మజ్జిగ ఇచ్చి తెల్లారేదాకా చూడటం కాదు.

కనుక కీమో ఇచ్చి పంపేటప్పుడు ఈ లక్షణాలు తెలుగులో అచ్చువేసిన ఒక కాగితం, రాత్రి కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు ఇవ్వాలని కోరుతున్నాను. ఏరియా ఆసుపత్రుల్లో ఎసైక్లోవిర్ ఇంజెక్షన్ నిల్వ ఉంచి, క్యాన్సర్ వైద్యులతో ఫోన్లో మాట్లాడి మొదటి డోసు అక్కడే ఇచ్చి, ఆ తర్వాత 108లో తిరుపతికి పంపే ఏర్పాటును జిల్లా వైద్యాధికారులు చేయాలి.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, పలమనేరు