పేరు లేని గాలివానకు పరిహారం ఉండదా, మంత్రిగారూ?

గౌరవనీయులైన విపత్తుల నిర్వహణ శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. అర్జీలు ఇచ్చీ ఇచ్చీ విసుగెత్తి ఇలా నలుగురిలో రాస్తున్నాను. రసీదు ఇవ్వడంలో మాత్రం మీవాళ్లు ఎప్పుడూ లోటు చేయలేదు. సమస్య పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కారమైందో మాకూ చెబితే మేమూ సంతోషిస్తాం.

వేసవిలో మా మీద పడింది తుపాను కాదట, ఈదురుగాలులట. గెలలు దించడానికి సిద్ధంగా ఉన్న అరటితోట ఒక్క సాయంత్రంలో నేలమట్టమైంది. కొన్ని చెట్లు నడిమికి విరిగాయి, కొన్ని దుంపతో సహా లేచిపోయాయి. ఆసరాకి కట్టిన వెదురు గెడలు కూడా వాటితోపాటే పడ్డాయి. పచ్చికాయ మట్టిలో పడి నల్లబడితే కొనేవాడు తోట వైపు చూడడు. మా మండలం నుంచి వచ్చినాయన కూడా చూడలేదనుకోండి. గట్టు మీదే నిలబడి, "తుపాను అయితే రాసేవాళ్లమండీ, ఇది లోకల్ గాలి" అన్నారు.

గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు చేరితేనే తుపాను, 61 దాకా తీవ్ర వాయుగుండమే. తుపాను అయితేనే దానికో పేరు. ఈ లెక్క ఓడలకీ పోర్టులకీ అవసరమే, కాదనను. కానీ అది కాసేపు ఆగకుండా వీచే గాలికి కట్టే సగటు. ఈదురుగాలి ఒక్క విసురులో ఆ అంకె దాటేసి, పది నిమిషాల్లో వెళ్లిపోగలదు. గెల బరువుతో ఉన్న అరటిచెట్టుకి ఆ పది నిమిషాలు ఎక్కువే.

తుపానుని తక్కువ చేసి మాట్లాడటం లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన సంగతి మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1996లో కోనసీమ కొబ్బరి ఏమైందో, 2014లో హుద్‌హుద్ విశాఖని ఏం చేసిందో అందరికీ తెలుసు. వందల కిలోమీటర్ల మేర తిరిగే గాలి, దాని వెనక సముద్రం. ప్రాణాల లెక్కలో మా ఈదురుగాలి దానికి సాటి రాదు. ముందే హెచ్చరించి జనాన్ని ఖాళీ చేయిస్తున్నారు, మనుషులు బతుకుతున్నారు. ఆ మేలు మరిచిపోయేది కాదు.

మరి పంట సంగతి? 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున కళింగపట్నం దగ్గర తీరం దాటింది వాయుగుండం. తుపాను కాదు, పేరు కూడా లేదు. మునిగింది మాత్రం ఎక్కడో ఉన్న విజయవాడ, బుడమేరు పొంగి. అక్కడ సాయం వేగంగా అందింది, సంతోషం. టీవీ కెమెరాలు మా పొలం గట్ల దాకా రావు కాబట్టి మాకు గాలి కొలతలు అడ్డం వస్తున్నాయి.

వరి కథ ఇంకా అన్యాయం. కోసి పనల మీద ఉన్న చేనుకి గాలితో పనిలేదు, రెండు రోజుల ముసురు చాలు. నీళ్లలో నానిన పన ఎత్తి చూస్తే వెన్నుకే తెల్లగా మొలకలు. ఎన్యూమరేషన్‌కి, అంటే పంట నష్టం లెక్క రాయడానికి, మీవాళ్లు వచ్చేదాకా పంట కదపొద్దంటారు. కదపకపోతే కుళ్లిపోతుంది. కదిపి ఒడ్డుకి చేర్చి ఆరబెట్టుకుంటే, నష్టం ఎక్కడుందని అడుగుతారు. వాళ్లు వచ్చేసరికి నీరు లాగేస్తుంది, పరిహారానికి కావాల్సిన 33 శాతం నష్టం కనబడలేదని రాసుకుని పోతారు. ఆ మిగిలిన ధాన్యం అమ్మబోతే రంగు మారిందని, తేమ 17 శాతం దాటిందని మిల్లులో వెనక్కి పంపుతారు. ఒకే ధాన్యం, మీ దగ్గర బాగానే ఉంది, మిల్లర్ దగ్గర పనికిరాదు. ఏ మాట నమ్మమంటారు?

పైగా నేను కౌలు రైతుని. పొలం యజమాని పేరు మీద ఈ-క్రాప్ (సర్కారు పంట నమోదు) అయితే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. ఇది రాయడం మొదలుపెడితే మరో ఉత్తరం అవుతుంది.

కేంద్రం విపత్తుల జాబితా తెచ్చుకుని చదివించుకున్నాను. తుపాను ఉంది, వడగళ్లు ఉన్నాయి, మంచుచరియలు విరిగిపడటం కూడా ఉంది. మా డెల్టాకి అదొక్కటే తక్కువైంది! ఈదురుగాలి మాత్రం లేదు. అయితే స్థానిక విపత్తుల కోసం రాష్ట్ర విపత్తు నిధిలో 10 శాతం దాకా వాడుకోవచ్చని కూడా ఉంది. ఆ 10 శాతం మా తోట దాకా ఎందుకు రాలేదు? అడిగితే "పైనుంచి రావాలి" అంటున్నారు. ఆ పైన ఉన్నది తమరే కదా!

వచ్చిన గాలికి పేరుందా లేదా అని చూడకండి, పడిపోయిన చేను చూడండి. నీళ్లు లాగకముందే మనిషిని పంపండి, లేదా మేము తీసిన ఫొటోలనైనా నమ్మండి. సాగు చేసినవాడి పేరు రాయండి. అరటి పోయింది, కౌలు బాకీ ఉంది, సార్వాకి (వానాకాలం వరికి) మళ్లీ అప్పు కోసం తిరుగుతున్నాను. కాస్త దయ చూపండి సార్. ఈసారి రసీదు వద్దు, చూసి రాసే మనిషి కావాలి.

ఇట్లు,
గోదావరి డెల్టాలోని ఒక కౌలు రైతు