మిద్దె మీది గదికి నెట్ వచ్చింది రా

రేయ్ మావా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు తిట్టుకుంటూ ఉంటావు. ఏమనుకోవద్దు రా, వానలు, ఆఫీసు, చుట్టాలు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. నాయనకు షుగరు అదుపులోనే ఉంది, అవ్వ బాగుంది, పెద్దమ్మ కొడుకు పెళ్లి మాఘంలో. నువ్వు రాలేదంటే కాలింగ్ బెల్ తాతను పుణెకు పంపిస్తా, చూసుకో. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఇది చెప్పాలి, చెప్పకపోతే నాకు ఊపిరాడదు. మిద్దె మీది గదికి నెట్ వచ్చింది! ఊరికే రావడం కాదు, నిలబడింది.

ఆ గదే రా, ఇంటర్లో మనం చదువుకున్నది. నువ్వు సుద్దతో లెక్కలు రాసిన గోడకు ఇప్పటికీ సున్నం వేయనివ్వలేదు నేను. ఇప్పుడు అది చెల్లెలి గది. బ్యాంకు పరీక్షలకు చదువుతోంది, క్లాసులూ మాక్ టెస్టులూ అన్నీ ఆన్‌లైనే. కింద హాల్లో టీవీ, అవ్వ కోసం వచ్చీపోయే జనం, అక్కడ చదువేం సాగుతుంది? పైకి పోతే నెట్ రాదు. ఒక రాత్రి టెస్టు సగంలో ఆగిపోతే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మలుపులో కూర్చుంది, చుట్టూ దోమలు. నేను చూశానని తెలిసి నవ్వేసింది. నాకు మాత్రం కడుపు తరుక్కుపోయింది రా. అప్పుడే అనుకున్నా, దీని సంగతి తేల్చాలని.

కనెక్షన్ వాళ్లకు ఫోన్ చేస్తే "సార్, సిగ్నల్ ఫుల్లుగా ఉంది" అన్న మాటే. వాళ్లే వచ్చి మెట్ల దగ్గర ఒక రిపీటరు, అంటే కింది వైఫైని అందుకుని పైకి పంపే పెట్టె, తగిలించి పోయారు. ఫోన్లో గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు! ఎందుకో తర్వాత అర్థమైంది. ఆ గీతలు ఫోనుకూ రిపీటరుకూ మధ్య సంగతే చెబుతాయి, రిపీటరుకు కింది నుంచి ఎంత అందుతోందో చెప్పవు. మెట్ల మీద నిలబడిన మనిషి కింద వాళ్ల మాట సగం విని పైవాళ్లకు గట్టిగా అరిచి చెప్పినట్టు. పైగా వినడానికీ చెప్పడానికీ ఒకటే రేడియో కాబట్టి ఉన్న వేగం కూడా సగానికి పడిపోతుంది.

మా చిన్నమ్మ కొడుకు గుర్తున్నాడు కదా, కాలేజీ ల్యాబులో పని చేస్తాడు, వాడు వచ్చి ముందు ఒక పని చేశాడు. వైఫై పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌ను హాల్లోని రూటరు పెట్టెకే చిన్న వైరుతో కలిపి చూశాడు. మాది 200 ఎంబీపీఎస్ ప్లాను, 200 దాకా పూర్తిగా వస్తోంది! అంటే బయటి నుంచి వచ్చే ఫైబరులో తప్పేం లేదు, చిక్కంతా ఇంట్లోనే ఉంది. హాలుకూ ఆ గదికీ మధ్య ఏమున్నాయో నీకు తెలుసు కదా, తాత కట్టించిన రాతి గోడ, ఆపైన ఇనుప కడ్డీల స్లాబు, దాని మీద నీళ్ల ట్యాంకు. నీళ్లు కూడా వైఫైని మింగేస్తాయని నాకు అప్పుడే తెలిసింది. వైఫైలో రెండు రకాలున్నాయి, వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ ఆ రాతి గోడ దగ్గరే చచ్చిపోతుంది, 2.4 కాస్త దూరం పోతుంది గానీ పైకి చేరేసరికి ఒక్క గీత. గాల్లో ఎన్ని పెట్టెలు పెట్టినా ఆ గోడ గోడే, వైరు లాగాల్సిందే అన్నాడు.

సరే, గాంధీ రోడ్డుకు పోయి క్యాట్ 6 అనే నెట్ కేబులు తెచ్చాం. అక్కడ వాడు చేసిన పని చూడాలి నువ్వు. ముక్క అడిగి తీసుకుని, లోపలి తీగను బ్లేడుతో గీకాడు. ఎర్రటి తీగ కింద తెల్లగా కనిపించింది. అల్యూమినియం మీద రాగి పూత! అది వద్దని చెప్పి, గీకినా ఎర్రగానే ఉండే అచ్చ రాగిది, ఎండకు తట్టుకునే నల్ల తొడుగుది తీసుకున్నాం. మన ఊరి మే నెల ఎండకు మామూలు తొడుగు పెళుసెక్కి పగిలిపోతుంది. ఒకే లాగుడులో 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదట, మనకు అందులో సగం కూడా అవసరం లేదు.

హాల్లోంచి వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను సందు గుండా వెనక గోడకు, అక్కడి నుంచి పిట్టగోడ పక్కగా పైకి. కోతుల సంగతి నీకు చెప్పాలా? కపిలతీర్థం వైపు నుంచి దిగాయంటే వేలాడేది ఏదైనా పీకి చూస్తాయి. అందుకని మొత్తం పైపులో వేసి, జానెడుకొక క్లాంపు కొట్టాం. కరెంటు వైర్ల పైపులో కలపనివ్వలేదు నేను, ఇది వేరే పైపే. గదిలోకి పోయే రంధ్రం దగ్గర మాత్రం నాకు చాలా భయమేసింది. 2021 నవంబరు వానలకు ఆ గోడ ఎట్లా చెమ్మ పట్టిందో తెలుసు కదా, పరుపు ఎత్తి ఆరబెట్టుకున్నాం. అందుకే రంధ్రాన్ని బయటికి కాస్త వాలుగా వేయించి, కేబులును లోపలికి పోయే ముందు కిందికి వంపు తిరిగేలా వదిలాం, నీళ్లు ఆ వంపులోంచే కారిపోతాయి. మొన్నటి వానకు గోడ పొడిగా ఉంది రా, అర్ధరాత్రి లేచి చేత్తో తడిమి చూశా.

ఇక కొనలకు కనెక్టర్లు. ఎనిమిది తీగలు, రెండేసి పెనవేసుకుని ఉంటాయి. విప్పి, వేలితో సాపు చేసి, తెలుపు ఆరెంజి, ఆరెంజి, తెలుపు గ్రీను, బ్లూ, తెలుపు బ్లూ, గ్రీను, తెలుపు బ్రౌను, బ్రౌను, ఈ వరసలో పక్కపక్కన పట్టుకుని, చివర సమంగా కత్తిరించి కనెక్టరులోకి తోయాలి. ఎనిమిది కొనలూ అవతలి అంచుకు తగిలాయో లేదో వెలుతురులో పెట్టి చూసుకుని, అప్పుడు టూలుతో నొక్కాలి. చెల్లెలు టార్చి పట్టుకుంది. టెస్టరు పెడితే లైట్లు వరసగా వెలిగాయి, నాలుగోది వెలగలేదు. అయినా నెట్ వచ్చింది! కావాల్సిన నాలుగు తీగలు కలిస్తే 100 దాకా వస్తుంది, అంతకు మించి కావాలంటే ఎనిమిదీ కలవాలి. "చాల్లే అన్నా" అన్నాడు వాడు. నేను ఒప్పుకోలేదు. కోసి మళ్లీ కట్టించా. ఈసారి ఎనిమిదీ వెలిగాయి. చెల్లెలు అరిచిన అరుపుకు అవ్వ కింద నుంచి "ఏమైందిరా" అని కేకేసింది.

గదిలో మా పాత రూటరునే పెట్టాం, ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ నెట్ అడ్రసులు పంచే పని దాంట్లో ఆపేసి కింది రూటరుకే వదిలి, కింది వైఫై పేరూ పాస్‌వర్డే దీనికీ ఇచ్చాం. కరెంటు పోయినా ఆగకుండా రెండు చోట్లా చిన్న యూపీఎస్‌లు. మబ్బు పడితే మాత్రం ఉరుములు మొదలవకముందే కేబులు రెండు కొనలూ పీకేయమని చెప్పా.

నిన్న రాత్రి మూడు గంటల మాక్ టెస్టు ఒక్కసారి కూడా ఆగలేదు రా. మార్కులు ఎన్నో చెప్పలేదు, నేనూ అడగలేదు, తలుపు వేసుకుని రాసింది, అంతే చాలు నాకు. అసలు ఇన్నేళ్లు మనం ఆ గదిని, సరే అది పెద్ద కథ, వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

పీలేరులో మీ అమ్మ వాళ్ల వెనక గదికి కూడా ఇదే బాధ అన్నావు కదా. హాల్లో పెట్టె నుంచి గది కిటికీ దాకా గోడ వెంబడి టేపుతో కొలిపించి పంపు. కేబులు నేనే తెస్తా, టూలు మా వాడి దగ్గర ఉంది. రిపీటరు కొనమని ఎవడన్నా చెబితే కొనొద్దు, ముందు నాకు ఫోన్ చేయించు. ఇంకా నీ ఉద్యోగం సంగతి అడగాలనుకున్నా, ఆ ఎర్ర సంచీ మనిషి మళ్లీ కనిపించాడా అని కూడా. నాయన బండి తాళాలు అడుగుతున్నాడు, పోస్టు కట్టేసే టైమవుతోంది, ఇంతటితో