ఆరాధన సంఘం వార్షిక నివేదిక, 2025

విచారణ గురువులకు, సిస్టర్లకు, ఉపదేశి గారికి, సంఘ సభ్యులందరికీ వందనాలు.

మిగతా సంఘాల నివేదికల్లో కట్టిన గదులు, పంచిన దుప్పట్లు, పెట్టిన వైద్య శిబిరాలు ఉంటాయి. మన సంఘం చేసేది దివ్యసత్ప్రసాదం, అంటే దివ్యపూజలో ప్రతిష్ఠించిన అప్పం, ముందు కూర్చోవడం. దాని గురించి పేజీలకు పేజీలు ఏం రాస్తారని కిందటేడు సర్వసభ్య సమావేశంలో ఒకరు నవ్వుతూ అడిగారు. ఈ ఏడు మాత్రం రాయడానికి చాలానే ఉంది. ఆరాధనలో ఎంతసేపు పాడాలి, ఎంతసేపు ఊరుకోవాలి అన్న ఒక్క విషయం మీదే ఏడాదంతా మాటలు నడిచాయి.

గొడవ అనను గానీ వాదన గట్టిగానే జరిగింది. మన గురువారం హోలీ అవర్ (గంటసేపటి ఆరాధన) చాలాకాలంగా కీబోర్డుతో మొదలై కీబోర్డుతోనే ముగుస్తోంది. పాట, స్తుతి, విన్నపాలు, మళ్లీ పాట. మైకు ఒక్క నిమిషం ఆగితే కరెంటు పోయిందేమోనని జనం వెనక్కి తిరిగి చూసేవారు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మొదలుకాకముందే కార్యవర్గం కూర్చుని, ఫాదర్ గారి సలహాతో, చివరి అరగంట పూర్తి మౌనం అని తీర్మానించింది. గాయకబృందంలో కొందరికి ఇది నచ్చలేదు. "పాట కూడా ప్రార్థనే కదండీ" అన్నారు. ఆ మాటను ఎవరూ కాదనలేదు. 1973లో రోము నుంచి వచ్చిన ఆరాధన క్రమంలో పాటలకు, వాక్య పఠనాలకు, ప్రార్థనలకు చోటుంది. మౌనానికి కూడా చోటు వదలాలని అదే క్రమం చెబుతుంది. ఈ రెండో మాటను ఫాదర్ గారు రెండు ఆదివారాలు ప్రసంగంలో వివరించాక వాదన కొంత చల్లబడింది.

మొదట్లో ఆ అరగంట ఎవరికీ సుఖంగా లేదు. ఫ్యాన్ల చప్పుడు, బయట ఆటోల హారన్లు, ఎవరి సంచిలోనో ప్లాస్టిక్ కవరు గలగలలు, అన్నీ ఒక్కసారిగా వినిపించడం మొదలైంది. కొందరు జపమాల తీసి పెదాలు కదిపారు. కొందరు లేచి వెళ్లిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఈస్టరు నాటికి తిరిగొచ్చారు, కొద్దిమంది రాలేదు. వాళ్లను బలవంతపెట్టాల్సిన పని లేదని నా అభిప్రాయం. పాటలతో ప్రార్థించేవారికి మొదటి అరగంట ఉండనే ఉంది.

"నోరు మూసుకుని అంతసేపు ఏం చేయాలి?" అని పిల్లలే అడుగుతారనుకున్నాం, పెద్దవాళ్లూ అడిగారు. సిస్టర్ ఒక గురువారం ఆరాధనకు ముందు దీని గురించి మాట్లాడారు. ఫ్రాన్సులో ఆర్స్ అనే పల్లెలో పునీత జాన్ మరియ వియాన్నీ విచారణ గురువుగా ఉన్న కాలంలో, ఒక రైతు రోజూ గుడిలో దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరిచే మందసం ముందు కూర్చునేవాడట. ఏం ప్రార్థిస్తావని అడిగితే "నేను ఆయన్ని చూస్తాను, ఆయన నన్ను చూస్తారు" అన్నాడట. కతోలిక విశ్వాసాన్ని వివరించే సత్యోపదేశ గ్రంథంలో కూడా ఈ మాట చేర్చారు. మన సభ్యుల్లో చదువురాని అమ్మలు కొందరికి ఇది పట్టినంత తొందరగా మాకు పట్టలేదు. మాకు చేతిలో పుస్తకమో ఫోనో లేకపోతే టెన్షన్. ఫోనులో బైబిలు చదువుతున్నామంటూ మెసేజీలు చూసుకోవడం ఎక్కువవడంతో ద్వారం దగ్గర ఒక బుట్ట పెట్టాం. అందులో ఫోను వేయమని ఎవరినీ అడగలేదు, అయినా చాలామంది వేస్తున్నారు.

నిద్ర గురించీ ఫిర్యాదులు వచ్చాయి. కునికిపాట్లు పడేవారిని తట్టి లేపాలా వద్దా అని కార్యవర్గంలో చర్చ జరిగిందంటే నవ్వకండి. లిసియుకు చెందిన చిన్న తెరేజమ్మ కార్మెల్ మఠంలో ఉండి కూడా ప్రార్థనలో నిద్రపోయేది. మేలుకున్న పిల్లలంటే తల్లిదండ్రులకు ఎంత ప్రేమో నిద్రపోయే పిల్లలన్నా అంతే ప్రేమ అని ఆమె ధైర్యం తెచ్చుకుంది. కాబట్టి ఎవరినీ లేపకూడదని తేల్చాం. గురక వస్తే మాత్రం పక్కనున్నవారు చూసుకోవాలి.

మొదటి శుక్రవారం ఆరాధన ఎప్పటిలాగే ఉదయం దివ్యపూజ తర్వాత మొదలై సాయంత్రం ఆశీర్వాదంతో ముగుస్తోంది. ఇక్కడ మన కష్టమంతా డ్యూటీ చార్టుదే. పీఠం మీద దివ్యసత్ప్రసాదాన్ని ఉంచినప్పుడు ఎంత కొద్దిసేపైనా ఎవరూ లేకుండా వదలకూడదని 2004లో రోము ఇచ్చిన ఆదేశంలో స్పష్టంగా ఉంది. అందుకే గంటకు ఇద్దరి పేర్లు రాస్తున్నాం, ఒకరికి జ్వరం వచ్చినా రెండోవారు ఉంటారని. పొద్దున, సాయంత్రం గంటలకు పేర్లు పోటీపడి వస్తాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి వరకు, అందునా గుంటూరు ఎండల్లో, ఎవరూ ముందుకు రారు. వేసవిలో ఆ గంటలను కాపాడింది మిర్చి యార్డులో పనిచేసే అన్నలు, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే అక్కలు. పొద్దుటి పని ముగించుకుని నేరుగా వచ్చేవారు. వాళ్ల బట్టల ఘాటుకు పక్కవారు తుమ్మారని ఒకరిద్దరు మా దగ్గర అన్నారు. ఆ తుమ్ముల గురించి కార్యవర్గం ఏ చర్యా తీసుకోదలచుకోలేదు.

ఫాదర్ గారు పల్లెల్లోని గుళ్లకు వెళ్లిన రోజుల్లో అనుమతి ఉన్న సిస్టరే దివ్యసత్ప్రసాదాన్ని పీఠం మీద ఉంచి, చివర్లో మళ్లీ మందసంలో భద్రపరిచారు. ఆ రోజుల్లో ఆశీర్వాదం ఉండదు. దివ్యసత్ప్రసాదాన్ని అందరికీ కనిపించేలా ఉంచే పాత్ర అయిన మాన్‌స్ట్రెన్స్‌తో దీవించడం గురువు గానీ డీకన్ గానీ చేయాల్సినదే. "ఆశీర్వాదం లేకపోతే వచ్చి ఏం లాభం?" అని కొందరు నిరాశపడ్డారు. ఆశీర్వాదం ఇవ్వడం కోసమే దివ్యసత్ప్రసాదాన్ని బయట ఉంచడాన్ని ఆరాధన క్రమం ఒప్పుకోదు. ముందు ఆరాధన, దానికి ముగింపుగా ఆశీర్వాదం. ఆ రోజుల్లో హాజరు తగ్గకుండా చూడమని సభ్యులకు మనవి.

ఈ ఏడాది లోకమంతటి కతోలిక సంఘంలో జరిగినవి మన చిన్న గుడిలోనూ వినిపించాయి. ఏటా తపస్సుకాలంలో వచ్చినట్టే ఈసారీ మార్చి 28, 29 తేదీల్లో "ప్రభువు కోసం 24 గంటలు" పాటించమని పిలుపు వచ్చింది. పదో తరగతి పరీక్షల మధ్య, కాపలాకు మనుషులు చాలక 24 గంటలూ జరపలేకపోయాం. శుక్రవారం సాయంత్రం నుంచి రాత్రి పది వరకు ఆరాధన, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) పెట్టాం. ఏప్రిల్ 17, పవిత్ర గురువారం రాత్రి యువత పక్క పీఠాన్ని అరటి చెట్లతో, మల్లెలతో అలంకరించింది. ఆ రాత్రి మాన్‌స్ట్రెన్స్ వాడరు, మందసం ముందే అర్ధరాత్రి వరకు మేలుకుని ఉంటాం. "ఒక గంటైనా నాతో మేలుకుని ఉండలేకపోయారా?" అని గెత్సేమని తోటలో ప్రభువు అడిగిన ప్రశ్నను చదివాక, అసలు హోలీ అవర్ ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు చెప్పాం. పునీత మార్గరెట్ మేరీ అలకోక్ గురువారం రాత్రి 11 నుంచి 12 వరకు ఈ తోడు కోసమే మేలుకునేది. ఫ్రాన్సులోని పారే ల మోనియాల్ మఠంలో ఆమెకు 1673 డిసెంబరు 27న మొదటి గొప్ప దర్శనం కలిగింది. దానికి 350 ఏళ్లు నిండిన ఉత్సవాలు ఈ జూన్ 27న, యేసు తిరుహృదయ పండుగ రోజే ముగిశాయి.

ఈస్టరు మర్నాడే, ఏప్రిల్ 21న, పోప్ ఫ్రాన్సిస్ కన్నుమూశారు. ఆ వారం హోలీ అవర్‌లో ఎవరూ చెప్పకుండానే మౌనం అరగంట దాటింది. కరోనా మొదలైన రోజుల్లో, 2020 మార్చి 27న, వాన పడుతుంటే ఖాళీ పునీత పేతురు ప్రాంగణం వైపు దివ్యసత్ప్రసాదాన్ని ఎత్తి ఆయన లోకాన్ని దీవించిన దృశ్యం అందరికీ గుర్తుంది. మే 7న కొత్త పోపును ఎన్నుకునే కాన్‌క్లేవ్ మొదలైనప్పుడు మనవాళ్ల ఉత్సాహం వేరు. లోపల ఓటు వేస్తున్నవారిలో మన తెలుగు కార్డినల్, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు ఉన్నారు. ఆయన కోసం జపమాల చెప్పినవారిలో కొందరు ఎన్నిక ఫలితం చెప్పే పొగ రంగు కోసం ఫోను బుట్ట చుట్టూ తిరిగారని కూడా నమోదు చేస్తున్నాను. మర్నాడు లియో 14వ పోపు ఎన్నికయ్యారు.

జూన్ 22న క్రీస్తు శరీర రక్తముల పండుగ ఊరేగింపు వీధుల గుండా సాగింది. వాన కాసేపు భయపెట్టి వదిలేసింది. దారిలో మన సంఘం కాని ఇళ్లవారు కూడా వాకిళ్లు కడిగి ముగ్గులు వేశారు, వారికి కృతజ్ఞతలు.

సెప్టెంబరు 7న కార్లో అక్యూటిస్‌ను పునీతుడిగా ప్రకటించారు. ఏప్రిల్ 27న జరగాల్సిన కార్యక్రమం పోప్ ఫ్రాన్సిస్ మరణంతో వాయిదా పడింది. జీన్స్ వేసుకుని, కంప్యూటర్లో దివ్యసత్ప్రసాద అద్భుతాల జాబితా తయారుచేసి, 2006లో పదిహేనేళ్లకే లుకేమియాతో చనిపోయిన కుర్రాడి కథ మన ఇంటర్ పిల్లలకు బాగా నచ్చింది. ఆ నెల నుంచి శనివారం సాయంత్రం గంట యువతదే. వాళ్లు గిటార్ తెస్తారేమో అనుకున్నాం, తేలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. గుంటూరులో మనలో చాలామందికి లూథరన్, బాప్టిస్టు చుట్టాలున్నారు. "రొట్టె ముందు మోకరించడం ఏమిటి?" అన్న ప్రశ్న పెళ్లిళ్లలో, దినాల్లో వస్తూనే ఉంటుంది. వాదనకు దిగవద్దని కార్యవర్గం కోరుతోంది. ప్రతిష్ఠించిన అప్పంలో క్రీస్తు నిజంగా ఉన్నారని మన విశ్వాసం, ఆరాధన ఆయనకే. ఈ విశ్వాసాన్ని ట్రెంట్ మహాసభ 1551లో స్పష్టంగా ప్రకటించింది. అడిగినవారికి ఆ రెండు ముక్కలు చెప్పి, వీలైతే ఒక గురువారం వెంట తీసుకురండి. ఈ ఏడాది అలా వచ్చిన ఒక లూథరన్ మామయ్య గారు మౌనం అరగంటా కూర్చుని, వెళ్తూ "మీ పాటలకంటే ఇదే బాగుంది" అన్నారు. గాయకబృందం క్షమించాలి.

కొవ్వొత్తులు, సాంబ్రాణి, పూలు, ఇన్వర్టరు బ్యాటరీ, మాన్‌స్ట్రెన్స్ పూత పనికి అయిన జమాఖర్చుల పట్టిక గుడి నోటీసు బోర్డులో ఉంది. సందేహాలుంటే కోశాధికారిని అడగవచ్చు. మంచం పట్టిన సభ్యుల ఇళ్లకు దివ్యసత్ప్రసాదం తీసుకెళ్తున్న సిస్టర్లకు ఆటో ఖర్చు వచ్చే ఏడాది నుంచి సంఘమే ఇవ్వాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందుంది.

కొత్త డ్యూటీ చార్టు సాక్రిస్టీ (పూజ సామగ్రి గది) తలుపు మీద అంటించాం. మొదటి శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల గడి ఇంకా ఖాళీగానే ఉంది. పెన్ను దారంతో అక్కడే కట్టి ఉంది.

కార్యదర్శి