బొమ్మల పుస్తకంలో అక్కకు కోపం రాకూడదా?

సంపాదకులకు నమస్కారం.

మా ఇంట్లో నాలుగేళ్ల మనవరాలికి రెండు నెలల క్రితం తమ్ముడు పుట్టాడు. అప్పటి నుంచి తల్లి పక్క వదిలి నా దగ్గర పడుకుంటున్న ఆ పిల్ల మనసు కాస్త కుదుటపడుతుందని, ఇంటికి చంటిబిడ్డ వచ్చిన సంబరం మీద తెలుగులో వేసిన బొమ్మల పుస్తకం ఒకటి తిరుపతిలో కొని తెచ్చాను. అందులోని అక్క మొదటి పేజీ నుంచి చివరిదాకా నవ్వుతూనే ఉంటుంది. తన బొమ్మలన్నీ ఇచ్చేస్తుంది, జోల పాడుతుంది, ముద్దు పెడుతుంది. రెండుసార్లు చదివించుకుని, "ఈ అక్కకు కోపం రాదా అవ్వా?" అని అడిగింది. మర్నాడు చూస్తే, తమ్ముడు అమ్మ ఒడిలో ఉన్న పేజీల్లో మాత్రమే వాడి ముఖాన్ని నల్ల క్రేయాన్‌తో రుద్దేసి ఉంది. ఉయ్యాలలో ఒంటరిగా ఉన్నవాడిని ముట్టుకోలేదు.

చూడవచ్చినవారంతా చంటివాడికే చొక్కాలూ గిలకలూ తెచ్చి, పెద్దపిల్లతో ‘ఇంక నువ్వు పెద్దదానివి’ అని ఒకరూ, ‘నిన్ను తవుడిచ్చి కొన్నాంలే’ అని ఇంకొకరూ వేళాకోళమాడి వెళ్లే ఇంట్లో (ఆ తవుడు మాట నేనూ అన్నదాన్నే), ఉక్రోషం రాని పిల్ల బొమ్మల్లో తప్ప ఎక్కడుంటుంది?

ఇలాంటి ఉక్రోషం ఉన్న కథలు మనకు లేక కాదు. చవితినాడు చదువుకునే వ్రతకథలో విఘ్నాధిపత్యం కోసం నెమలినెక్కి తీర్థాలన్నీ తిరిగిన కుమారస్వామికి వెళ్లిన ప్రతిచోటా అన్నే ఎదురవుతాడు. చివరికి అన్న మహిమ తెలియలేదని తలవంచుతాడు. తమిళుల కథలో పోటీ ఒక పండు కోసం. ఓడిన తమ్ముడు అలిగి పళని కొండెక్కుతాడు. ఆడికృత్తికకు కావడి ఎత్తుకుని తిరుత్తణికి వెళ్లే మా చిత్తూరు వాళ్లకు (1960 దాకా ఆ ఊరు మా జిల్లాలోనే ఉండేది) ఆ అలక కొత్త కాదు. అయినా నేను చూసిన పిల్లల పుస్తకాల్లో నెమలి ఉంటుంది, ఎలుక ఉంటుంది, ప్రదక్షిణ ఉంటుంది గాని, లోకమంతా తిరిగివచ్చి అన్న చేతిలో పండును చూసిన తమ్ముడి ముఖం పేజీ నిండా ఎక్కడా కనిపించదు.

అమెరికా చిత్రకారుడు ఎజ్రా జాక్ కీట్స్ 1967లో వేసిన ‘పీటర్స్ చెయిర్’ అనే పిల్లల బొమ్మల పుస్తకంలో, తన ఊయలకూ ఎత్తు కుర్చీకీ చెల్లెలి కోసం గులాబీ రంగు పూశారన్న కోపంతో పీటర్ మిగిలిన చిన్న కుర్చీని ఎత్తుకుని, కుక్కపిల్లతో ఇల్లు వదిలి బయటికి వచ్చేస్తాడు. తీరా కూర్చోబోతే అందులో పట్టడు. తాను ఎదిగిన సంగతి వాడికి ఎవరూ చెప్పనక్కరలేకుండా ఆ కుర్చీయే చెబుతుంది. తరువాత దానికి రంగు వేద్దామని తండ్రిని వాడే అడుగుతాడు. కోపానికి బొమ్మలో చోటిస్తే, అది చల్లారడానికి నీతివాక్యం అవసరం పడలేదు. మన ప్రచురణకర్తలు చివరి పేజీలో ‘మంచి అక్క’ అని అచ్చువేసే బదులు, అక్క మూతి ముడుచుకుని తలుపు చాటున నిలబడిన ఒక్క బొమ్మ వేయిస్తే చాలు, పక్కన అక్షరం లేకపోయినా పిల్లలు చదువుకుంటారు.

వచ్చే వినాయక చవితికి మీ పత్రిక పిల్లల పేజీలో ఆ పందెం కథను తమ్ముడి వైపు నుంచి బొమ్మలతో వేయించవలసిందిగా మనవి. మా ఇంట్లో క్రేయాన్లు దాచిపెట్టకుండానే ఆ పేజీని మా మనవరాలి చేతికిస్తాను.

ఇట్లు,
ఒక అవ్వ,
తిరుపతి.