మూర్ఛతో పాటు వచ్చే మతిమరుపునూ పట్టించుకోండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఏటా నవంబర్ 17న, జాతీయ మూర్ఛ దినం రోజున పత్రికల్లో ఒక వ్యాసం వస్తుంది. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా కుక్కకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి అని రాస్తారు. అవన్నీ అవసరమే. కానీ ఆ కాసేపు తప్ప మిగతా రోజంతా మేం ఎలా నెట్టుకొస్తున్నామో రాసేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

నాకు 16వ ఏట నుంచి మూర్ఛ ఉంది. ఇప్పుడు 38. గిలగిలా కొట్టుకుని పడిపోవడం తక్కువ. నాకు వచ్చేది వేరే రకం. ఒకటి రెండు నిమిషాలు చూపు నిలిచిపోతుంది, పెదవులు చప్పరిస్తాను, చేత్తో చున్నీ నలుపుతుంటాను. చూసేవాళ్లకు ఏదో ఆలోచనలో ఉన్నట్టే ఉంటుంది. ఆ తర్వాత చాలాసేపు అంతా మబ్బుగా ఉంటుంది. రెండేళ్ల కిందట ఉప్పల్‌లో మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో దిగాలి. తేరుకుని చూస్తే రాయదుర్గం. బోగీ ఖాళీ. "మేడమ్, లాస్ట్ స్టేషన్, దిగండి" అని సెక్యూరిటీ అమ్మాయి అంటుంటే అర్థమైంది కానీ, జవాబు చెప్పడానికి నోటికి మాట రాలేదు. ఎక్కడికి బయల్దేరానో కూడా గుర్తులేదు.

కణతల లోపలి వైపు మెదడులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంటుందట. కొత్త సంగతులు జ్ఞాపకంగా నిలవాలంటే అది బాగా పనిచేయాలి. నా ఫిట్స్ పుట్టేది దాని పక్కనేనని డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు. ఈ ఒక్క సంగతి తెలియడానికి నాకు 20 ఏళ్లు పట్టింది. అన్నాళ్లూ నాకు శ్రద్ధ లేదనే అనుకున్నాను. కొన్ని మందులు కూడా ఆలోచనను నెమ్మది చేస్తాయి. టోపిరమేట్ వాడిన ఏడాది 'జల్లెడ' అనే మాట గుర్తురాక, "పిండి పోస్తాం కదా, అది ఇవ్వమ్మా" అన్నాను. విసిగిపోయి మాత్రలు మానేస్తే స్టవ్ దగ్గర పడి చెయ్యి కాల్చుకున్నాను. ఎవరూ అలా సొంతంగా మానకండి. డాక్టరుకు చెబితే మందు మార్చారు.

నా బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న పుస్తకం ఉంటుంది. నిన్నటి పేజీ ఇది: "8.10 గ్యాస్ ఆపాను. 8.15 మాత్ర వేసుకున్నాను. 8.20 తాళం వేశాను." మాత్ర సంగతి రాయకపోతే, వేసుకున్నానో లేదో తెలియక రోజంతా టెన్షన్.

ఒక ప్రైవేటు ఆఫీసులో తొమ్మిదేళ్లు అకౌంట్స్ చూశాను. కాగితం మీద రాసిస్తే పైసా తేడా రానిచ్చేదాన్ని కాదు. నోటితో చెప్పినవే మర్చిపోయేదాన్ని. రాసివ్వమని అడిగితే నిర్లక్ష్యమన్నారు, తీసేశారు.

ప్రభుత్వ ఆసుపత్రుల న్యూరాలజీ ఓపీల్లో ఫిట్స్ ఎన్నిసార్లు వచ్చాయని అడిగినట్టే జ్ఞాపకం ఎలా ఉందనీ అడగాలి. దాన్ని పరీక్షించే సైకాలజిస్టులను పెట్టాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. దీర్ఘకాలిక నరాల జబ్బుల కింద మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్సన్స్ పేర్లున్నాయి, మూర్ఛ పేరు లేదు. దాన్ని చేర్చాలి. చట్టాలు మారనివేం కావు. ఫిట్స్ ఉన్నవాళ్లు పెళ్లికి పనికిరారన్న మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లో తీసేశారు కదా.

మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయికీ మూర్ఛ ఉంది. రాత్రి ఫిట్స్ వస్తే సాయంత్రం చదివింది తెల్లారేసరికి ఉండదు. కాలేజీలో మొద్దు అంటున్నారని వాళ్లమ్మ నా దగ్గర ఏడ్చింది. ఇలాంటి పిల్లలకు న్యూరాలజిస్టు రాసిచ్చిన కాగితం చూసి పరీక్షలో అదనపు సమయం ఇవ్వాలని ఇంటర్ బోర్డును మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వచ్చే పరీక్షల్లోపే ఆ ఉత్తర్వు రావాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఉప్పల్, హైదరాబాద్