తొమ్మిదో మెట్టు ఎక్కడుంది సార్? గణాంకాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గణాంకాధికారి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో ఉత్తరం. ముందు మూడింటికీ రసీదు ముద్ర చక్కగా వేసి ఇచ్చారు, సంతోషం. కాగితం మీద జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు.

జీతాల మీద మీరు వేసిన రిగ్రెషన్‌లో (ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతుందో అంచనా కట్టే లెక్కలో) చదువు స్థాయికి గుర్తుగా ఇచ్చిన కోడ్‌ని ఉన్నదున్నట్టు అంకెగా ఎక్కించి, "చదువు ఒక మెట్టు పెరిగితే జీతం ఇంత పెరుగుతుంది" అని ఒకే గుణకం తేల్చారు. ఏ మెట్టు సార్? 2017-18 పీఎల్ఎఫ్ఎస్ (కేంద్రం చేసే శ్రామిక సర్వే) కోడ్‌లలో సెకండరీ 08, హయ్యర్ సెకండరీ 10. మధ్యలో 09 లేనే లేదు. అంటే పదో తరగతి తర్వాత ఇంటర్ పూర్తిచేసిన పిల్ల మీ లెక్కలో రెండు మెట్లు ఎక్కింది. అదే పిల్ల డిగ్రీ మీద పీజీ చేస్తే ఒక్క మెట్టే!

02, 03, 04 సంగతి మరీ ఘోరం. బడికి పోనివాళ్లు అక్షరాలు ఎక్కడ నేర్చుకున్నారో చెప్పే గుర్తులవి: వయోజన విద్యా కేంద్రాల వంటివి, అక్షరాస్యతా ఉద్యమం, ఇతరాలు. వీటిలో ఎక్కువేది, తక్కువేది? నంబర్ పెద్దదైతే బస్సు ఎక్కువ దూరం పోతుందన్నట్టుంది. ఇక డిప్లొమా 11. మా పాలిటెక్నిక్ పిల్లలు పదో తరగతి కాగానే పాలిసెట్ రాసి వస్తారు, ఇంటర్ గడప తొక్కరు. వాళ్లు ఇంటర్‌కి పైనా, పక్కనా? అక్కడే పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు ఇది కాస్త ఎక్కువగానే గుచ్చుకుంటుంది.

రెండో ఉత్తరం తర్వాత మీ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "ఆర్‌లో ఆర్డర్డ్ ఫ్యాక్టర్ పెట్టేశాం, టెన్షన్ పడకండి" అన్నారు. అంటే ఇవి అంకెలు కావు, వరసలో ఉన్న స్థాయిలు అని ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌కి చెప్పడం. తీరా చూస్తే 12 స్థాయిలకు వచ్చిన 11 ఫలితాల వరసల్లో ఎల్ ఒక్కటే ఉంచి, వంపుల్ని చూపే క్యూ, సీ మొదలుకొని మిగతావన్నీ అర్థం కాలేదని తీసేశారట. ఎల్ అంటే మళ్లీ సరళరేఖే కదండీ! 09 ఖాళీ పూడింది, మెట్లన్నీ ఒకే ఎత్తు అనే రోగం అలాగే ఉంది.

"వచ్చే నివేదికలో సరిచేస్తాం" అన్నారు. ఆ తర్వాత రెండు నివేదికలొచ్చాయి.

నేను కోరేది కొండమీది కోతిని కాదు. ఒక స్థాయిని ఆధారంగా పెట్టుకుని మిగతా వాటికి డమ్మీలు (ఆ స్థాయి అయితే 1, కాకపోతే 0) వేయండి. లేదంటే ప్రతి స్థాయినీ దాని కిందిదానితో పోల్చండి. పదికీ ఇంటర్‌కీ తేడా ఎంతో, ఇంటర్‌కీ డిగ్రీకీ ఎంతో విడిగా తెలుస్తుంది. తీరిక లేదంటే డేటా నాకివ్వండి, ఒక పూట పని. డబ్బులొద్దు. అదీ కుదరదంటే ఆ 09 ఎక్కడుందో అయినా చెప్పండి.

ఇట్లు,
రిటైరైన పాలిటెక్నిక్ లెక్కల లెక్చరర్